గేరుబాక్సు విప్పే ముందు సెన్సారు తీగ చూడాలి

క్లచ్చి లేని కార్లు ఇప్పుడు పల్లెల్లోనూ తిరుగుతున్నాయి. 2014లో మారుతి సెలెరియో ఏఎంటీ గేరుబాక్సుతో వచ్చాక ఆటోమేటిక్ బండి ధర మధ్యతరగతికి అందింది. నడపడం తేలికే. మొరాయించినప్పుడే చిక్కు. బండి ఒకే గేరులో మూలుగుతూ నడిస్తే ‘గేరుబాక్సు పోయింది’ అనే మాట వినబడుతుంది. ఆ ఒక్క మాటతో పత్తి అమ్మిన సొమ్ము హారతి కర్పూరమవుతుంది. ప్రతిసారీ పోయేది గేరుబాక్సు కాదు. వేగం తెలిపే చిన్న సెన్సారో, దాని తీగో చెడినా ఇవే లక్షణాలు కనబడతాయి.

క్లచ్చి బండి డ్రైవరు ఇంజను మోత విని గేరు మారుస్తాడు. ఆటోమేటిక్‌లో ఆ పని కంప్యూటరుది. గేరుబాక్సులో పళ్ల చక్రం ఎదుట సెన్సారు ఉంటుంది. ఒక్కో పన్ను దాటినప్పుడల్లా ఒక విద్యుత్ సంకేతం పోతుంది. వాటిని లెక్కపెట్టి కంప్యూటరు వేగం తెలుసుకుంటుంది. లెక్క అందకపోతే చాలా బండ్లలో గేరుబాక్సు దెబ్బతినకుండా ఒకే గేరులో నిలిపేస్తుంది. స్పీడు ముల్లు ఊగవచ్చు, సున్నాకు పడవచ్చు. గేరు మారేటప్పుడు కుదుపు వస్తుంది. ఇంజను దీపం వెలుగుతుంది.

దీపం వెలిగితే లోపం కోడుగా నమోదై ఉంటుంది. స్టీరింగు దగ్గర డ్యాష్‌బోర్డు కింద ఉండే సాకెట్టుకు స్కానరు తగిలిస్తే చదవవచ్చు. పి0500 అంటే బండి వేగం సెన్సారు. పి0720 గేరుబాక్సు నుంచి బయటికి పోయే షాఫ్టుది, పి0715 లోపలికి వచ్చే షాఫ్టుది. చాలామంది పొరబడేది ఇక్కడే. ఆ సెన్సారు మార్గంలో ఎక్కడో లోపముందని మాత్రమే కోడు చెబుతుంది. సెన్సారే పోయిందని కాదు.

కాబట్టి ముందు తీగ వెంట వెతకాలి. గడ్డివాము పక్కన నిలిపే బండికి ఎలుకల బెడద ఉండనే ఉంది. వాగు దాటిన బండిలో కనెక్టరులోకి నీరు చేరితే పిన్నులు చిలుమెక్కుతాయి. ఫ్యూజు, గేరు ఆయిలు కూడా అప్పుడే చూసేయాలి.

తీగ బాగుంటే మల్టీమీటరు తీయాలి. వెనుక చక్రాలకు రాళ్లు పెట్టి, ముందు చక్రాలను గట్టి స్టాండ్లపై లేపాలి. ఒక్క జాకీని నమ్మి బండి కింద దూరకూడదు. న్యూట్రల్‌లో చక్రం చేత్తో తిప్పితే రెండు తీగల సెన్సారులో కొద్దిపాటి ఏసీ ఓల్టేజి కనబడాలి. వేగంగా తిప్పితే అది పెరగాలి. మూడు తీగలదైతే తాళం ఆన్ చేసి కరెంటు వస్తోందా, ఎర్తు ఉందా చూడాలి. కరెంటే రాకపోతే సెన్సారును నిందించి లాభం లేదు. రెండూ ఉండి, చక్రం తిప్పినా మూడో తీగపై సంకేతం లేకపోతే సెన్సారు మీద అనుమానం.

సెన్సారు విప్పితే కొనకు సన్నని ఇనుప రజను అంటి ఉండవచ్చు. తుడిస్తే చాలు. పెచ్చులు, ముక్కలు కనబడితే మాత్రం లోపల నిజంగానే అరుగుదల ఉంది. కొన్ని కొత్త బండ్లలో వేగం లెక్క చక్రాల దగ్గరి ఏబీఎస్ సెన్సార్ల నుంచి వస్తుంది. వాటిలో బురద పట్టిన చక్రాల తీగలు చూడాలి.

షెడ్డుకు ఇచ్చేవారు ముందుగా కోడు నంబరు కాగితంపై రాయించుకోవాలి. బ్యాటరీ తీగ తీస్తే కొన్ని బండ్లలో ఆ కోడు చెరిగిపోతుంది.