కొమ్ముపిడి చాకులను కాపాడుకొను విధము

మన సభ్యులలో ననేకుల జేబున నొక మడతచాకు ఉండును. త్రాడు కోయుటకు, అంటు కట్టుటకు, బస్తా కుట్టు విప్పుటకు చేయి దానికొఱకే పోవును. అలుగు మొద్దుబాఱినచో సానపట్టింతురు. త్రుప్పు పట్టినచో తోముదురు. పిడిని చూచువారు మాత్రము అరుదు. క్రిందటి వర్షాకాలమున మన సభ్యులలో నొకరు మామిడి యంటులు కట్టుచుండగా, బీటవాఱిన కొమ్ముపిడి చేతిలోనే యూడి, అలుగు మడతపడి, చూపుడువ్రేలు లోతుగా తెగెను. ధనుర్వాతము రాకుండ సూదిమందు వేయించుకొని, గాయము మానువఱకు వారు పని విడిచి కూర్చుండవలసివచ్చెను. ఆ పిడి యొక్కదినమున పాడైనది కాదు. అది యెట్లు పాడగునో, దాని నెట్లు కాపాడవలెనో తెలుపుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కొమ్ము స్వభావము

ఎద్దు, గేదె మొదలగు పశువుల కొమ్మునకు లోపల నెముకయు, దానిపై తొడుగును ఉండును. పిడులకు వాడునది పైతొడుగు. మన గోళ్లు, వెండ్రుకలు, పశువుల గిట్టలు ఏ పదార్థముతో నేర్పడినవో యిదియు దానితోనే యేర్పడినది. దానికి కెరటిన్ అని పేరు. దుప్పికొమ్ము ఇట్టిది కాదు. అది యేటేట రాలి మరల మొలచు నెముక. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమునుబట్టి దాని వ్యాపారము నిషిద్ధము. కావున నిచట చెప్పునది పశువుల కొమ్మును గుఱించియే.

చాలసేపు నీట నానిన గోరు మెత్తబడి, ఆఱినపిమ్మట పెళుసై పొరలు లేచుట మనమెఱిగినదే. కొమ్ముపిడికి జరుగునదియు నదియే. అది తడిని పీల్చి యుబ్బును, ఆఱి కుదించుకొనును. లోపలి యినుపరేకును, బిగించిన చీలలును దానితోపాటు ఉబ్బవు, కుదించుకొనవు. ఈ పెనుగులాటలో చీలచుట్టును వెండ్రుకవంటి సన్నని బీట పుట్టును. అందు నీరును మట్టియు చేరును; పొర లేచును; తుదకు కొమ్ముపలక యూడిపోవును.

వేడిమియు నట్టిదే. 1936వ సంవత్సరమున ఒరిస్సాలో చేరిన పర్లాకిమిడి కొమ్ముపనికి పేరుపొందిన యూరు. అచటి పనివారు కొమ్మును వేడిచేసి, మెత్తబడినపుడు వంచి, నొక్కి, కొంగలు, చేపలు మొదలగు బొమ్మలు చేయుదురు. పనివానికి ఉపకారమైన యీ గుణమే చాకు గలవానికి అపకారము. పొయ్యిగట్టుపైనను, మండుటెండలో ట్రాక్టరు పెట్టెలోను పడియున్న పిడి వంకరపోవును, ఎండి పగులును.

నిత్యము చేయవలసినది

చాకును నీట నానవేయరాదు. వేడినీరు, చాకలిసోడా బొత్తిగా తగవు. సోడాలోని క్షారము కొమ్మును తినివేయును. మట్టియైనను, మామిడిజీడియైనను అంటినచో తడిపి పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో నొత్తి, అలుగు తెఱచి నీడయందు ఆరబెట్టవలెను. వానలో తడిసిన చాకును త్వరగా ఆఱునని యెండలో పెట్టుట పలువురు చేయు పొరపాటు. తడిసిన కొమ్ము మెల్లగా ఆఱవలెను.

నూనె పెట్టుట

వర్షములు తగ్గిన పిమ్మట నొకసారి, ఎండలు ముదురక మునుపొకసారి పిడికి నూనె పెట్టిన చాలును. కొబ్బరినూనె రెండు మూడు చుక్కలు మెత్తని గుడ్డపై వేసి, పిడి యంతటను, ముఖ్యముగా చీలలచుట్టును, అంచులయందును రుద్దవలెను. చలికి నూనె పేరుకొన్నచో అరచేత కరగించుకొనవచ్చును, నిప్పుపై పెట్టనక్కఱలేదు. ఒకరాత్రి యుంచి, మిగిలిన జిడ్డును పూర్తిగా తుడిచివేయవలెను. ఆముదము చిక్కనిది గనుక పైననే నిలిచి ధూళిని పట్టుకొనును. నూనె యెక్కువైనచో పిడి చేతిలో జాఱును, అదియు ప్రమాదమే. పిమ్మట కొంచెము తేనెమైనము పూసి రుద్దినచో తడి త్వరగా లోనికి పోదు. కీలునకు మాత్రము కుట్టుమిషను నూనె యొక చుక్క చాలును.

మెఱుపు తగ్గినచో పలుచని గుడ్డతో జల్లించిన సుద్దపొడిని నూనెగుడ్డ కద్ది మెల్లగా రుద్దవలెను. గరుకుకాగితముతో నూరక గీచుట వలన పలక పలుచనగును.

పురుగు, బీట

ఉన్నిని తిను పురుగులే కొమ్మును తినును. గొంగళులతోపాటు పెట్టెలో నెలలతరబడి మూసియుంచిన చాకుపై చిన్న గుంటలు కనబడినచో నిది వానిపనియే. అవి చీకటిని, కదలికలేని తావును కోరును. కావున నెలకొకసారి చాకును వెలుపలికి తీసి తుడిచి, గాలి తగులునట్లుంచిన చాలును.

నూనె పెట్టునప్పుడెల్ల పిడిని వెలుతురున త్రిప్పి చూడవలెను. సన్నని బీట యున్నచో, చాకును రెండు మూడు దినములు నీడయందారబెట్టి, నూనె పెట్టకమునుపే, రెండు భాగములు కలిపి వాడు గట్టి జిగురును అందు నింపి, దారముతో బిగించి, ఒకదినము కదపక యుంచవలెను. నూనె చేరిన బీటలో జిగురు పట్టదు. చీల వదులైనదని యింట సుత్తితో కొట్టరాదు; ఆ దెబ్బకే కొమ్ము చీలును. తెలిసిన కమ్మరికి చూపవలెను. పలక కదలుచున్న చాకుతో, బాగుపడువఱకు, ఏ పనియు చేయరాదు.

విఱిగిన గోరు మరల పెరుగును. పశువునుండి వేఱైన కొమ్మునకు ఆ శక్తి లేదు. దానికి రక్షణ మన చేతిలోనే యున్నది. ఏటికి రెండుసార్లు నూనె, వాడినపుడెల్ల పొడిగుడ్డ, ఉంచుటకు నీడ: ఈ మూడును తప్పకున్నచో చాకును చిరకాలము నిలుచును, దానిని పట్టిన చేయియు క్షేమముగా నుండును.