చిన్న విమానంలో ప్రాణవాయువు: కొనే ముందు లెక్క చూసుకోండి

ప్లస్ టూ ముగించి పైలట్ శిక్షణలో చేరాలనుకునే పిల్లలు, వారి తల్లిదండ్రులు నన్ను అడిగే సందేహం ఒకటుంది. "చిన్న విమానంలో ఆక్సిజన్ సిలిండర్ మనమే కొనుక్కోవాలా? కొంటే ఏది కొనాలి?" భౌతికశాస్త్రం బోధించినవాడిగా నాకు తెలిసినంతవరకు వివరిస్తాను. బ్యాంకు రుణంతో ఫీజు కట్టే కుటుంబానికి ఇది డబ్బు సంగతి. విమానం నడిపే బిడ్డకు ప్రాణం సంగతి.

ఎందుకు అవసరం?

గాలిలో ఆక్సిజన్ వంతు కింద ఎంతో పైన కూడా అంతే, సుమారు 21 శాతం. పైకి పోయేకొద్దీ తగ్గేది గాలి ఒత్తిడి. 18,000 అడుగుల ఎత్తున అది సముద్రమట్టం వద్ద ఉన్నదానిలో సగమే. పెద్ద విమానాల్లో లోపలి ఒత్తిడిని పెంచి ఉంచుతారు. చిన్న విమానాల్లో చాలావాటికి ఆ ఏర్పాటు లేదు.

ఆక్సిజన్ తగ్గితే మొదట మందగించేది మెదడు. అందుకే ప్రమాదం వచ్చిన సంగతి ఆ మనిషికే తెలియదు. కొందరికి హాయిగా కూడా అనిపిస్తుంది! 25,000 అడుగుల వద్ద తెలివితో పని చేయగల వ్యవధి 3 నుంచి 5 నిమిషాలే. 2005 ఆగస్టు 14న హీలియోస్ విమానంలో లోపలి ఒత్తిడి నిలవక పైలట్లు స్పృహ కోల్పోయారు. అది గ్రీసులో కూలి 121 మంది మరణించారు. కాబట్టి "పైకి వెళ్లాక చూసుకుందాం" అనుకోవడానికి వీల్లేదు. నిర్ణయం నేల మీదే జరగాలి.

ఎవరికి అవసరం?

మన ఏర్కాడు కొండ సుమారు 5,000 అడుగులు, దొడ్డబెట్ట సుమారు 8,650 అడుగులు. దక్షిణాదిలో శిక్షణ విమానాలు మామూలుగా 10,000 అడుగుల లోపే ఎగురుతాయి. కనుక శిక్షణ కోసం సిలిండర్ కొనవలసిన పని లేదు.

అమెరికా నిబంధన ప్రకారం 12,500 నుంచి 14,000 అడుగుల మధ్య 30 నిమిషాలు దాటితే పైలట్ ఆక్సిజన్ వాడాలి. 14,000 దాటితే ఎల్లవేళలా వాడాలి. 15,000 దాటితే ప్రయాణికులకూ అందుబాటులో ఉంచాలి. పగలు 10,000, రాత్రి 5,000 అడుగులు దాటితే వాడటం మంచిదని అక్కడి సలహా. రాత్రి చూపు త్వరగా మందగించడమే అందుకు కారణం.

ఎలా ఎంచుకోవాలి?

1. పరిమాణం: నిరంతర ప్రవాహ పద్ధతిలో ప్రతి 10,000 అడుగులకు మనిషికి నిమిషానికి 1 లీటరు అని ఉజ్జాయింపు లెక్క. 15,000 అడుగుల్లో ఇద్దరికి నిమిషానికి 3 లీటర్లు. 400 లీటర్ల సిలిండర్ 133 నిమిషాలు వస్తుంది. గంటన్నర ప్రయాణానికి 270 లీటర్లు పోగా మిగిలినది అత్యవసరానికి.

2. పద్ధతి: శ్వాస పీల్చినప్పుడే వాయువును వదిలే పరికరాలున్నాయి. సిలిండర్ ఎన్నో రెట్లు ఎక్కువ కాలం వస్తుంది. అయితే ధర ఎక్కువ, బ్యాటరీ కావాలి. అది ఆగితే వాడేందుకు మామూలు గొట్టం కూడా దగ్గర ఉండాలి.

3. గొట్టమా, మాస్కా: ముక్కు గొట్టం 18,000 అడుగుల వరకే. ఆపైన మాస్కు తప్పనిసరి. జలుబుతో ముక్కు మూసుకుపోతే గొట్టం పనికిరాదు.

4. నింపడం: విమానాలకు వాడే ఆక్సిజన్‌లో తేమ ఉండకూడదు. పైన చలికి అది గడ్డకట్టి వాల్వును మూసేయగలదు. సిలిండర్ మీద ఒత్తిడి పరీక్ష తేదీ చూడండి. మీకు దగ్గరలో నింపేవారు ఉన్నారో లేదో కొనే ముందే విచారించండి.

5. జాగ్రత్త: వాల్వు దగ్గర నూనె, గ్రీజు తగలరాదు, నిప్పంటుకుంటుంది. సిలిండర్‌ను సీటుకు గట్టిగా బిగించాలి.

6. ఆక్సిమీటరు: కరోనా కాలంలో ఇంటింటా చూసిన పరికరమే. అంకె 90కి తగ్గనివ్వకూడదు. వేళ్లు చల్లబడితే అంకె తప్పుగా చూపవచ్చు.

పిల్లలకు ఒక మాట

ఈ విద్య పైలట్లకే పరిమితం కాదు. 1957లో ఆరంభమైన వైమానిక వైద్య సంస్థ మనకు దగ్గరలోని బెంగళూరులోనే ఉంది. తేజస్ యుద్ధవిమానం కోసం గాలి నుంచే ఆక్సిజన్ తీసే పరికరాన్ని రూపొందించిన డీఆర్‌డీవో ప్రయోగశాల కూడా అక్కడే ఉంది. 2021లో అదే పరిజ్ఞానంతో ఆసుపత్రులకు ఆక్సిజన్ ప్లాంట్లు తయారయ్యాయి. వాటిని తయారుచేసిన సంస్థల్లో ఒకటి కోయంబత్తూరుది. వైద్యం, రసాయనశాస్త్రం, ఇంజనీరింగ్, వీటిలో మీరు ఏది చదివినా ఈ రంగంలో చోటుంది. శ్రద్ధగా చదవండి.