గోడలోని చెమ్మ, పెద్దవారి ఉబ్బసము

మన నెల్లూరు తీరమున ఏడాదిలో కురియు వానలో సగమునకు మించి ఈశాన్య ఋతుపవనముల వలననే, ఆశ్వయుజ కార్తిక మార్గశీర్షములలో కురియును. ఆ వాన నిట్టనిలువుగా గాక, సముద్రము మీది గాలితో ఏటవాలుగా వచ్చి తూర్పు గోడలను, ఉత్తరపు గోడలను కొట్టును. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు ప్రాంతముల పెద్దలకు ఈ సంగతి నేను చెప్పనక్కఱలేదు. చెప్పవలసినది వేఱొకటి యున్నది. ఆ నెలలలోనే, నలువది యేబది యేండ్లవఱకు ఏ జబ్బు నెఱుగనివారు సైతము తెల్లవాఱుజామున లేచి కూర్చుండి, పిల్లికూతలతో ఊపిరి కొఱకు పెనుగులాడుట కలదు. వయసు మీఱినదనియో, చలిగాలి సోకినదనియో ఇంటివారు సరిపెట్టుకొందురు. వయసును మార్చలేము, గాలిని ఆపలేము. కాని ఆ మనిషి మంచము ఏ గోడ ప్రక్కన నున్నదో చూచువారు అరుదు.

ఉబ్బసము చిన్ననాటనే పుట్టవలెనను అభిప్రాయము సరికాదు. పెద్దతనమున మొదటిసారి కనబడు ఉబ్బసము అపూర్వమేమియు కాదు. చరకసంహిత చికిత్సాస్థానమున శ్వాసరోగములు ఐదు విధములుగా చెప్పబడినవి. వానిలో తమకశ్వాసము మన ఉబ్బసమునకు సరిపోవును. దుమ్ము, పొగ, గాలి, చల్లని చోట నివసించుట అనువానిని ఆ గ్రంథము శ్వాసరోగములకు కారణములుగా నెన్నినది. తమకశ్వాసము మబ్బు పట్టినప్పుడు, వానలో, చలిలో, తూర్పుగాలిలో హెచ్చునని చెప్పినది. తూర్పుగాలి యనగా మనకు సముద్రపు గాలియే గదా! మన తీరమును చూచి వ్రాసిరా యని చదివినప్పుడెల్ల నాకు తోచును. అయితే ఆ చల్లని చోట హాని చేయునది చలి యొక్కటియే కాదనియు, తడిసిన గోడపై పెరుగు బూజు కూడ ననియు నేటి శాస్త్రము చూపినది.

ఇచ్చట మన భాషయే మనలను కొంత మోసగించుచున్నది. వాసములకు వ్రేలాడు సాలెగూటి దుమ్మును బూజే యందుము. ఊరగాయపై తెల్లగా పట్టుదానిని బూజే యందుము. మొదటిది ప్రాణము లేనిది, చీపురుతో దులిపిన పోవును. రెండవది ప్రాణముగలది, పుట్టగొడుగుల జాతికి చెందినది. గోడమీద నల్లని, పచ్చని చుక్కలుగా కనబడునది యిదియే. దీని బీజరేణువులు కంటికి కానరానంత సూక్ష్మములు. ముక్కును దాటి ఊపిరితిత్తుల గొట్టములవఱకు పోగలవు. కొందఱి శరీరము వానిని శత్రువులుగా నెంచి పోరును. ఆ పోరులో గొట్టముల లోపొర వాచును, కండరములు బిగియును, కఫము చిక్కనగును, దారి యిఱుకగును. ఆ యిఱుకు దారిన గాలి వెడలునప్పటి ధ్వనియే పిల్లికూత. కావున ఈ బూజును ఎండు చీపురుతో దులుపుట యనగా విత్తనములను ఇల్లంతయు చల్లుటయే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఈ విషయమునే గూర్చి యొక గ్రంథము ప్రకటించినది. చెమ్మయు బూజును గల ఇండ్లలో నివసించువారికి శ్వాసబాధలును, ఉబ్బసము ముదురుటయు హెచ్చుగా నుండునని అందు తేల్చిరి.

చెమ్మ ఎక్కడనుండి వచ్చుచున్నదో తెలియక చేసిన ఖర్చు బూడిదలో పోసిన పన్నీరే. ప్రమిదలోని వత్తి నూనెను పైకి పీల్చినట్లు ఇటుక గోడ నేలలోని నీటిని పీల్చును. అట్టి చెమ్మ రెండు మూడడుగుల యెత్తువఱకు పట్టెవలె నిలుచును. దాని పై అంచున తెల్లని ఉప్పు పొంగి సున్నము రాలును. చౌడు నేలలుగల ఊళ్ళలో ఇది తఱచు. సముద్రపు ఇసుకతో కట్టిన గోడ సంగతి మఱియు కష్టము. వానకాలమున జాడీలోని ఉప్పు నీరు కారుట చూచియే యుందురు. ఆ గోడలోని ఉప్పు కూడ అట్లే గాలిలోని తేమను లాగుకొనును. వాన లేని దినమున సైతము గోడ చేతికి తడిగా తగులును. మిద్దె కారినచో మరక పైనుండి దిగును. కిటికీ చుట్టును, తూర్పు గోడ నడుమను కనబడునది జల్లు వలని చెమ్మ. ఇవేవియు లేక, బీరువా వెనుకను, ధాన్యపు బస్తాల వెనుకను మాత్రమే నల్లచుక్కలు పుట్టినచో అచ్చట గాలి ఆడుట లేదని యర్థము. వానిని గోడకు జానెడు దూరము జరిపిన చాలును.

పూర్వపు ఇండ్లకు చూరు క్రిందికి దిగి, చుట్టును పంచ యుండెడిది. జల్లు గోడను అంతగా తాకెడిది కాదు. సున్నపు గోడ తడిసినను ఎండలో ఆఱెడిది. నేడు పెట్టెవలె ఇల్లు కట్టి, చూరు మానివేసి, తడి గోడకు నూనెరంగు పూయుచున్నారు. ఆ రంగు చెమ్మను పోనీయదు, లోపలనే బంధించును. ఏడాది తిరుగకుండ పొక్కులుగా లేచును. పాత ఇండ్లన్నియు మేలని నా వాదము కాదు. తాటాకు కప్పు కుళ్ళిన యింటిలో బూజునకు కొదువ లేదు, తుపానునకు అది నిలువదు. మిద్దె కావలసినదే. మిద్దెకు చూరు కూడ కావలెను.

ఈ పనులకు వేసవి తగిన కాలము. మిద్దె పగుళ్ళు పూడ్చుట, కిటికీలపై చూరు పెట్టుట, ఇంటి చుట్టును నీరు నిలువకుండ వాలు తీయుట స్వాతి కార్తెకు ముందే ముగియవలెను. క్రొత్త యిల్లు కట్టువారు పునాది ముగిసి గోడ లేచుచోట నీరు పీల్చని పొర వేయింపవలెను. ఇల్లు లేచిన తరువాత ఆ పని పదింతలు కష్టము.

2021 నవంబరులో పెన్న పొంగి కోవూరు ప్రాంతపు ఊళ్ళలోనికి నీరు వచ్చినది. అట్టి సమయమున ఇంటివారు పాత్రలను, పత్రములను ముందుగా చూచుకొందురు. తడిసిన పఱుపును పది దినముల తరువాత ఎండబెట్టుదురు. తడిసిన వస్తువుపై బూజు ఒకటి రెండు దినములలోనే మొలక యెత్తగలదు. ఆలోగా ఆఱని దూది పఱుపును పాఱవేయుటయే మేలు. గోడమీది బూజును సబ్బునీటితో తడిపిన గుడ్డతో, ముక్కునకు గుడ్డ కట్టుకొని తుడువవలెను. ఉబ్బసము గలవారు ఆ పనికి దిగరాదు. బ్లీచింగు పొడి ఘాటు ఉబ్బసమును రేపును గనుక రోగి యున్న గదిలో దానిని వాడరాదు.

ఏటేట మృగశిర కార్తెనాడు హైదరాబాదునకు పోయి, బత్తిని కుటుంబమువారిచ్చు మందుతో కొరమీను పిల్లను మ్రింగి వచ్చువారు కలరు. ఒకరి విశ్వాసముతో నాకు జగడము లేదు. అది ఉబ్బసమును కుదుర్చునని శాస్త్రపరీక్షలో నిలిచిన ఋజువు మాత్రము లేదు. తిథిని గమనింపుడు: మృగశిర జూనులో వచ్చును. అప్పటికి మన గోడలు ఎండియుండును. ఊపిరి తేలికపడినచో ఆ ఖ్యాతి చేపకు పోవును; కార్తికమున మరల పిల్లికూతలు వచ్చినచో నింద పథ్యమునకు పోవును. గోడ పేరెత్తువారు లేరు.

మందు వలదని నేననుట లేదు. గోడ బాగుపడినంతనే మందు మానరాదు. పీల్చు మందు వ్యసనమగునని భయపడుదురు. అది నిజము కాదు. మ్రింగు మాత్రకంటె స్వల్పమైన మోతాదు సూటిగా రోగస్థానమునకు చేరును. గొట్టముల వాపును అణచు మందును బాధ లేని దినములలో కూడ వైద్యుడు చెప్పినట్లు పీల్చవలెను. రెండు వారములకు మించి దగ్గు నిలిచినను, జ్వరము, చిక్కిపోవుట, రక్తము కనబడినను కఫమును పరీక్ష చేయింపవలెను. క్షయను ఉబ్బసమనుకొని కాలము పోగొట్టుకొనరాదు. పొయ్యి పొగ వలనను, చుట్ట వలనను ఊపిరితిత్తులు చెడినవారు కూడ ఆయాసపడుదురు. వారి చికిత్స కొంత వేఱు.

ఇంటి పెద్దలు చూడదగిన పరీక్ష యొకటి గలదు. కూతురింట పది దినములుండి సుఖముగా నిద్రించిన తల్లి, స్వగృహమునకు వచ్చిన రెండవ రాత్రియే ఆయాసపడినచో, ఆ గదిని అనుమానింపవలెను. మన యిండ్లలో వెలుతురు గల ముందు గది వచ్చిపోవువారికి, చీకటి వెనుక గది ముసలి తల్లికి ఇచ్చుట వాడుక. మందులు మార్చుదురు, వైద్యులను మార్చుదురు, మంచము మాత్రము అచ్చటనే యుండును. ఎవరు ఎచ్చట పరుండవలెనో నిర్ణయించువారు మీరే గదా. ఆ మంచమును ఎండ వచ్చు గదికి మార్చి, గోడకు మూరెడు దూరమున వేయింపుడు. వైద్యునితో గోడ సంగతి మీరే చెప్పుడు, ఆయన అడుగకపోవచ్చును. రోగి ఒక మాట పూర్తిగా పలుకలేకున్నను, పెదవులు నీలముగా మాఱినను, పీల్చు మందునకు బాధ తగ్గకున్నను తెల్లవాఱువఱకు ఆగక 108 వాహనమును పిలువవలెను.