ఇండ్ల నేల – కర్మాగారాల నేల

నగరంలో ఏ నేల నివాసానికో, ఏది పరిశ్రమలకో ముందే నిర్ణయించడాన్ని మండల విభజన, లేక జోనింగ్ అంటారు. పటంమీద గీసిన ఈ గీత కార్మికుని జీతాన్ని కూడ తాకుతుంది.

సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరులో 1970 దశకంలో పారిశ్రామికవాడ వెలిసింది. రసాయన వ్యర్థజలాలు నక్కవాగులో చేరి పొలాలను పాడుచేశాయి. 1990లో వ్యాజ్యం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. కాబట్టి ఇటువంటి కర్మాగారాలకూ ఇండ్లకూ ఎడం అవసరం.

కాని ఎడం పెరిగినకొద్దీ బస్సుచార్జీ పెరుగుతుంది. పనికి దగ్గరలో నివాసస్థలం కొద్దిగానే ఉంటే, దానికోసం పోటీపడేవారు ఎక్కువై అద్దె పెరుగుతుంది. పొరుగున రామచంద్రాపురంలో భెల్ సంస్థ కర్మాగారంతోపాటు ఉద్యోగుల నివాసపట్టణాన్ని కూడ నిర్మించింది.

హానికర పరిశ్రమను దూరంగాను, తక్కిన పనులను ఇండ్లకు చేరువగాను ఉంచడమే మంచి విభజన.