విద్యానగర్‌లో పెళ్ళి: చుట్టాలు ఎట్లా రావాలి?

హైదరాబాద్ నగరంలో విద్యానగర్ ఒక పేట. దాని పక్కనే నల్లకుంట, రాంనగర్, బాగ్‌లింగంపల్లి. కొంచెం అవతల చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్. ఈ పేటల్లో ఏడాది పొడవునా ఏదో ఒక కార్యం జరుగుతూనే ఉంటుంది. ఫంక్షన్ హాళ్ళలో పెళ్ళిళ్ళు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో పాటలు, నాటకాలు. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో సభలు. వీటికి ఊళ్ళ నుంచి జనం వస్తారు. అశోక్‌నగర్‌లో ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లల్ని చూడటానికి కూడా తల్లులు వస్తారు.

పెళ్ళికి కార్డు అచ్చు వేయిస్తారు. ముహూర్తం రాస్తారు. హాలు పేరు రాస్తారు. హాలుకు ఎట్లా రావాలో మాత్రం రాయరు. పెళ్ళినాడు పొద్దున్నే మేనత్త బస్టాండులో దిగి ఫోన్ చేస్తుంది.

"వదినా, బస్టాండ్ల దిగినం. ఇప్పుడు ఎటు రావాలె?"

"ఆటో మాట్లాడుకొని వచ్చెయ్యి వదినా. విద్యానగర్ అని చెప్పు."

పెళ్ళికూతురి తల్లికి అంతకన్నా చెప్పే తీరిక ఉండదు. ఒక చేతిలో పసుపు, ఒక చేతిలో ఫోను. అటు మేనత్తకు కొత్త ఊరు. ఆటో అతను అడిగినంత ఇవ్వాలి. పైగా ఆటోలో ముగ్గురే ఎక్కాలి. నలభై మంది చుట్టాలు వచ్చారనుకోండి. పద్నాలుగు ఆటోలు కావాలి. లెక్క వేస్తే ఆ డబ్బుతో ఒక పూట కూరగాయలు వస్తాయి.

అందుకే దారి ముందే తెలుసుకోవాలి. తెలుసుకుని కాగితం మీద రాయాలి.

మూడు మెట్రోలు

హైదరాబాద్‌లో "మెట్రో" అనే మాట చాలా చోట్ల కనిపిస్తుంది. ఇక్కడే చాలామంది తికమక పడతారు.

మెట్రో అంటే ఒకటి రైలు. ఇది నేల మీద నడవదు. రోడ్డు మధ్యలో పెద్ద పెద్ద స్తంభాలు కట్టి, వాటి మీద పట్టాలు వేశారు. రెండోది మెట్రో ఎక్స్‌ప్రెస్. ఇది రైలు కాదు, ఆర్టీసీ సిటీ బస్సు. మూడోది మెట్రో డీలక్స్. ఇదీ ఆర్టీసీ బస్సే.

తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. దీని పేరు మహాలక్ష్మి పథకం. ఊళ్ళ మధ్య తిరిగే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఇది చెల్లుతుంది. నగరంలో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చెల్లుతుంది. మెట్రో డీలక్స్‌లో చెల్లదు. మెట్రో రైలులో అసలే చెల్లదు.

బోర్డు మీద మొదటి మాట చదివి "మెట్రో ఉంది, ఫ్రీ" అని ఎక్కితే కండక్టరు డబ్బులు అడుగుతాడు. అది అతని తప్పు కాదు. రెండో మాట కూడా చదవాలి. ఎక్స్‌ప్రెస్ అని ఉందా, డీలక్స్ అని ఉందా? బస్సు వచ్చేటప్పుడే చూసుకోవాలి. బోర్డు చదవడం వచ్చినవాళ్ళు పక్కవాళ్ళను అడిగే పని లేదు.

ఇంకో మాట. ఉచితం అంటే టికెట్ లేకుండా కూర్చోవడం కాదు. కండక్టరు సున్నా టికెట్ ఇస్తాడు. అది అడిగి తీసుకోవాలి, దిగేదాకా దాచుకోవాలి. తెలంగాణ అడ్రసు ఉన్న ఆధార్ వంటి గుర్తింపు కార్డు చూపాలి. జిరాక్సు కాదు, అసలు కార్డు. ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చే చుట్టాలకు ఇక్కడ ఇది చెల్లదు. వాళ్ళు టికెట్ కొనాలి. ఈ సంగతి వాళ్ళకు ముందే చెబితే బస్సులో నలుగురి ముందు చిన్నబోవలసిన పని ఉండదు.

ఎక్కడ దిగాలి?

ఇప్పుడు దారులు చూద్దాం. ముందుగా ఒక సంగతి. విద్యానగర్ పేరుతో మెట్రో రైలు స్టేషన్ లేదు. విద్యానగర్ పేరుతో ఉన్నది మామూలు రైలు పట్టాల మీది స్టేషన్. అక్కడ ఎంఎంటీఎస్ బండ్లు ఆగుతాయి. ఎంఎంటీఎస్ అంటే నగరంలో తిరిగే లోకల్ రైలు. ఇది 2003లో మొదలైంది.

వరంగల్ వైపు నుంచి రైలులో సికింద్రాబాద్ వచ్చినవాళ్ళు ఫలక్‌నుమా వైపు పోయే ఎంఎంటీఎస్ ఎక్కాలి. సీతాఫల్‌మండి, ఆర్ట్స్ కాలేజీ, జామియా ఉస్మానియా. ఆ తర్వాతిది విద్యానగర్. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చేవాళ్ళు కాచిగూడలో దిగుతారు. అక్కడి నుంచి విద్యానగర్ పక్క స్టేషనే. సికింద్రాబాద్ వైపు పోయే లోకల్ బండి ఎక్కితే చాలు. లోకల్ రైలుకు ఖర్చు చాలా తక్కువ. ఒక ఇబ్బంది ఉంది. బండ్లు సిటీ బస్సుల్లా వెంటవెంటనే రావు. స్టేషన్‌లో వేళలు అడగాలి. చాలాసేపు ఆగాలంటే బస్సు చూసుకోవడం మేలు.

బస్సుల్లో వచ్చేవాళ్ళ సంగతి వేరు. హైదరాబాద్‌లో రెండు పెద్ద బస్టాండ్లు ఉన్నాయి. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ ఒకటి. దీన్నే ఎంజీబీఎస్ అంటారు, ఇమ్లీబన్ అని కూడా అంటారు. నల్లగొండ వైపు బస్సులు ఇక్కడికి వస్తాయి. రెండోది సికింద్రాబాద్‌లోని జూబ్లీ బస్ స్టేషన్. దీన్ని జేబీఎస్ అంటారు. కరీంనగర్, సిద్దిపేట వైపు బస్సులు అక్కడికి వస్తాయి. జూబ్లీ బస్ స్టేషన్ వేరు, జూబ్లీహిల్స్ వేరు. రెండూ చాలా దూరం. "జూబ్లీ" అని సగం మాట చెబితే ఆటో మరో దిక్కుకు పోయే ప్రమాదం ఉంది.

ఈ రెండు బస్టాండ్లనూ కలుపుతూ ఒక మెట్రో రైలు దారి ఉంది. 2020 ఫిబ్రవరి 7న ఈ దారి మొదలైంది. పొడవు 11 కిలోమీటర్లు. దీనికి ఆకుపచ్చ రంగు గుర్తు. మొత్తం తొమ్మిది స్టేషన్లు. విద్యానగర్ రావాలంటే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో దిగడం మంచిది. ఆ స్టేషన్ సరిగ్గా మధ్యలో ఉంది. ఎటు నుంచి వచ్చినా నాలుగోదే.

ఎంజీబీఎస్‌లో ఎక్కితే సుల్తాన్ బజార్ ఒకటి. నారాయణగూడ రెండు. చిక్కడపల్లి మూడు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నాలుగు. జేబీఎస్‌లో ఎక్కితే సికింద్రాబాద్ వెస్ట్ ఒకటి. గాంధీ హాస్పిటల్ రెండు. ముషీరాబాద్ మూడు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నాలుగు. వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు. పెట్టెలో స్టేషన్ పేరు తెలుగులో కూడా చెబుతారు. త్యాగరాయ గానసభకు, పెద్ద లైబ్రరీకి పోయేవాళ్ళు మాత్రం చిక్కడపల్లిలోనే దిగాలి.

నల్లగొండ బస్సు ఎల్బీనగర్ మీదుగా వస్తుంది. అక్కడే దిగి మెట్రో రైలు ఎక్కితే రోడ్డు మీది రద్దీ తప్పుతుంది. అయితే అది ఎరుపు రంగు దారి. ఎంజీబీఎస్ స్టేషన్‌లో దిగి, ఆకుపచ్చ దారి రైలులోకి మారాలి. బయటికి పోయి మళ్ళీ టికెట్ కొనే పని లేదు.

మెట్రో రైలు టికెట్టు 2025 మే 24 నుంచి కనీసం 11 రూపాయలు, ఎక్కువలో ఎక్కువ 69 రూపాయలు అయింది. లోపలికి పోయేటప్పుడు సంచులు తనిఖీ చేస్తారు. గ్యాస్ సిలిండర్, కిరోసిన్, టపాకాయలు తేనివ్వరు. టికెట్టు పారేయకూడదు. బయటికి వచ్చే గేటు దగ్గర మళ్ళీ కావాలి. ఆడవాళ్ళకు పెట్టెలో వేరే చోటు ఉంటుంది. మెట్లు ఎక్కలేని ముసలివాళ్ళకు లిఫ్టు ఉంది.

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి విద్యానగర్ నడిచే దూరం కాదు, సామాను ఉంటే అసలే కాదు. అక్కడ ఆటో గానీ బస్సు గానీ ఎక్కాలి. కానీ బస్టాండు నుంచి మాట్లాడుకున్న ఆటోకన్నా ఖర్చు బాగా తగ్గుతుంది.

ఇంకొక చిక్కు ఉంది. ఇందిరాపార్కు నుంచి వీఎస్టీ దాకా ఉక్కుతో కట్టిన పెద్ద వంతెన ఉంది. 2023 ఆగస్టు 19న దాన్ని తెరిచారు. విద్యానగర్ పోయేవాళ్ళకు అది మంచిదే, సిగ్నళ్ళు తప్పుతాయి. అశోక్‌నగర్‌లో దిగవలసినవాళ్ళు మాత్రం ఆటో వంతెన ఎక్కకముందే చెప్పాలి. ఎక్కాక మధ్యలో దిగే వీలు లేదు. వీఎస్టీ దాకా పోయి వెనక్కి రావాలి.

బస్సు మాట్లాడుకుంటే

ఊరంతా కలిసి రావాలంటే బస్సు అద్దెకు తీసుకుంటారు. ఆర్టీసీ డిపోలో పెళ్ళిళ్ళకు బస్సులు ఇస్తారు. డిపో మేనేజరును కలిసి ముందే రాయించుకోవాలి. ముహూర్తాల రోజుల్లో ఆఖరి వారం పోతే దొరకకపోవచ్చు.

ఇక్కడ ఒక లెక్క చూడాలి. అద్దె బస్సులో ఉచితం ఉండదు. కిరాయి మొత్తం కట్టాలి. నలభై మందిలో ఇరవై అయిదు మంది ఆడవాళ్ళు, అందరికీ తెలంగాణ ఆధార్ ఉంది అనుకుందాం. పల్లెవెలుగులో గానీ ఎక్స్‌ప్రెస్‌లో గానీ వస్తే పదిహేను మందికే టికెట్టు. చాలా తేడా ఉంటుంది. కానీ పసిపిల్లలు, ముసలివాళ్ళు, సామాను ఉన్నప్పుడు, రాత్రికి తిరిగి పోవాలన్నప్పుడు అద్దె బస్సే నయం. ఏది మంచిదో ఇంటివాళ్ళే కూర్చుని లెక్క వేసుకోవాలి.

ప్రైవేటు బండి అయితే అన్నీ కాగితం మీద రాయించాలి. ఎన్ని కిలోమీటర్లు? ఎన్ని గంటలు? దాటితే ఎంత? డ్రైవరు బత్తా, టోల్, పార్కింగ్ ఎవరు ఇస్తారు? ఇచ్చిన అడ్వాన్సుకు రసీదు తీసుకోవాలి. "నమ్మకం లేదా అక్కా?" అని బండి అతను అనవచ్చు. నమ్మకం ఉన్నా రాయించవచ్చు.

డీసీఎంలు, ట్రాలీ ఆటోలు సామాను బండ్లు. పందిరి సామాను, వంట గిన్నెలు వాటిలో తేవచ్చు. మనుషుల్ని ఎక్కించకూడదు. చట్టం ఒప్పుకోదు. ప్రమాదం జరిగితే బీమా డబ్బు రావడం కూడా కష్టం. కిరాయి తక్కువ అని పిల్లాపాపలతో డీసీఎం ఎక్కడం ఇప్పటికీ చూస్తూనే ఉన్నాం.

రోజు చూసుకోవాలి

పెళ్ళికి తిథి, నక్షత్రం చూస్తారు. ఈ పేటల్లో ఇంకోటి కూడా చూడాలి. దీపావళి తర్వాత రెండో రోజు రాత్రి నారాయణగూడలో సదర్ పండుగ. అలంకరించిన దున్నపోతుల్ని చూడటానికి వేల మంది వస్తారు. ఆ రాత్రి అటు బండ్లు పోనివ్వరు. వినాయక నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ వైపు దారులు మూసేస్తారు. మృగశిర కార్తె రోజు ముషీరాబాద్ చేపల మార్కెట్ దగ్గర కాలు పెట్టే సందు ఉండదు. పెద్ద హీరో సినిమా విడుదలైతే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నిండిపోతుంది. 2024 డిసెంబర్ 4 రాత్రి అక్కడ ఒక సినిమా హాలు దగ్గర తొక్కిసలాట జరిగి ఒక తల్లి చనిపోయింది. అలాంటి రోజు చిన్నపిల్లలతో వచ్చేవాళ్ళు ముషీరాబాద్‌లో గానీ చిక్కడపల్లిలో గానీ దిగడం మంచిది.

దారి చీటీ

కార్డుతో పాటు ఒక చిన్న చీటీ పెట్టవచ్చు. పెద్ద అక్షరాలతో, చిన్న మాటలతో రాయాలి. ఇట్లా:

"రైలులో వచ్చేవారు విద్యానగర్ స్టేషన్‌లో దిగండి. ఎంజీబీఎస్ నుంచి గానీ జేబీఎస్ నుంచి గానీ మెట్రో రైలులో వచ్చేవారు నాలుగో స్టేషన్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో దిగండి. అక్కడి నుంచి విద్యానగర్‌కు ఆటో. అసలు ఆధార్ కార్డు తెచ్చుకోండి."

దాని కింద హాలు పేరు, వీధి పేరు, దగ్గరి గుర్తు రాయాలి. ఫోన్ నంబరు పెళ్ళికూతురి తల్లిది రాయకూడదు. ఆ రోజు తీరికగా ఉండే తమ్ముడిదో, అన్న కొడుకుదో రాయాలి.

తిరిగి పోయే సంగతి కూడా చీటీ వెనక రాస్తే మంచిది. రాత్రి పదకొండు దాటితే మెట్రో రైలును నమ్ముకోకూడదు. సిటీ బస్సులు అంతకన్నా ముందే పలచబడతాయి. భోజనాలు ఆలస్యమైతే ఆడవాళ్ళను ఒంటరిగా పంపకుండా ఇద్దరు ముగ్గురిని కలిపి ఆటో ఎక్కించాలి. ఆటో నంబరు రాసుకోవాలి. దారిలో భయం వేస్తే 112కు ఫోన్ చేయాలి. ఆడవాళ్ళ సాయం కోసం 181 నంబరు కూడా ఉంది. ఊరి బస్సు ఆఖరిది ఎన్ని గంటలకో బస్టాండులో ముందు రోజే అడిగి, ఆ టైము చీటీ మీద రాయాలి.