వీసా కొన్నట్టు ఇంటర్న్‌షిప్ కొనొద్దు

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకు ఇంటి నుంచి వచ్చే ఫోన్లలో ఈ మధ్య ఓ కొత్త మాట వినిపిస్తోంది. ఇదివరకు కాలేజీ ఫీజు, హాస్టల్ బిల్లు అనేవారు. ఇప్పుడు ‘అన్నా, ఇంటర్న్‌షిప్ చేయాలంట, పైసలు పంపు’ అంటున్నారు. ఇంజినీరింగ్ పిల్లలు అడిగితే కొంత అర్థమవుతుంది. బి.ఏ. చదివే తమ్ముడో చెల్లెలో అడిగితే ఏం చెప్పాలో తోచదు. చరిత్ర, రాజనీతి శాస్త్రం, ఆర్థిక శాస్త్రం, తెలుగు చదివేవాళ్లకు పని ఎవరు నేర్పుతారు? ఎవరిని అడగాలి? అసలు డబ్బెందుకు కట్టాలి?

మా క్యాంపులో జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఓ స్టీల్ ఫిక్సర్‌ను తమ్ముడు ఇలాగే 12 వేల రూపాయలు అడిగాడు. అతని నెల జీతంలో అది దాదాపు సగం. ‘ఇంట్లో కూర్చునే రెండు నెలల ఇంటర్న్‌షిప్, సర్టిఫికెట్ గ్యారంటీ’ అని ఎవరో వాట్సాప్‌లో పంపారట. ఏం పని చేయాలిరా అని అడిగితే జవాబు లేదు. ఎవరి కింద చేయాలంటే అదీ తెలియదు. మాకు వెంటనే ఊళ్లో ఏజెంట్లు గుర్తొచ్చారు. వాళ్లు చెప్పే ‘వీసా గ్యారంటీ’, ఈ ‘సర్టిఫికెట్ గ్యారంటీ’ రెండూ ఒక్క బడిలో చదువుకున్న మాటలే. పని పేరు చెప్పకుండా పైసలు అడిగేవాడి సంగతి మనకంటే బాగా ఎవరికి తెలుసు?

అసలు ఇంటర్న్‌షిప్ అంటే

సివిల్ డిప్లొమా చేసిన మాబోటి వాళ్లకు ఇది కొత్త కాదు. ఇండస్ట్రియల్ ట్రైనింగ్ అని ఆరు నెలలు సైటుకు పంపేవారు. లెవెల్ చూడడం, కడ్డీల షెడ్యూలు చదవడం, మస్టరు రాయడం మాకు అక్కడే వచ్చాయి. ఇంటర్న్‌షిప్ అంటే అదే. ఒక చోటికి పోయి, తెలిసినవాళ్ల కింద కొన్ని వారాలు నిజమైన పని చేసి నేర్చుకోవడం. కాగితం దాని తర్వాత వచ్చేది.

ఆర్ట్స్ పిల్లలకూ ఇప్పుడు ఇదే పద్ధతి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి తెచ్చిన డిగ్రీ విధానంలో మూడేళ్ల చదువులో మొత్తం 10 నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. మొదటి ఏడాది అయ్యాక 2 నెలలు ఊళ్లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక మరో 2 నెలలు, చివరి ఏడాదిలో 6 నెలలు. 2022 డిసెంబరులో యూజీసీ ఇచ్చిన నాలుగేళ్ల డిగ్రీ విధానంలో కూడా ఇంటర్న్‌షిప్‌కు క్రెడిట్లు ఉన్నాయి. ఏ బ్యాచ్‌కి ఏ నిబంధన, ఎన్ని వారాలు, ఎవరి సంతకం కావాలి అన్నది కాలేజీలో రాతపూర్వకంగా అడిగి తీసుకోమని పిల్లలకు చెప్పాలి. ‘సార్ చెప్పిండు, ఫ్రెండ్ చెప్పిండు’ అన్నంత మాత్రాన పైసలు పంపొద్దు.

బి.ఏ. వాళ్లకు పని ఎక్కడుంది

బి.ఏ.కి కంపెనీలు రావు అన్న మాట సగమే నిజం. కంపెనీలు కాలేజీకి రావు. మనమే పోయి అడగాలి. సబ్జెక్టును పట్టుకుని వెతికితే చోట్లు కనిపిస్తాయి.

చరిత్ర చదివేవాళ్లు మ్యూజియంలను, పాత దస్తావేజులు ఉండే చోట్లను అడగాలి. హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం, తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్, విజయవాడలో బాపు మ్యూజియం అలాంటివి. ఆర్థిక శాస్త్రం వాళ్లు సర్వేలు చేసే సంస్థలను అడగాలి. బేగంపేటలో ఉన్న ‘సెస్’ అనే ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం అందులో పేరున్నది. రాజనీతి శాస్త్రం వాళ్లకు మండల పరిషత్తు, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉన్నాయి. తెలుగు బాగా రాయగలిగినవాళ్లు పత్రికల జిల్లా ఆఫీసులను, ప్రచురణ సంస్థలను, అనువాదాలు చేయించే ఆఫీసులను అడగొచ్చు. సమాజ సేవ మీద మనసున్నవాళ్లకు స్వచ్ఛంద సంస్థలు ఉన్నాయి. బాలకార్మికులను బడికి చేర్చే పనితో పేరు తెచ్చుకున్న ఎం.వి. ఫౌండేషన్ మన ప్రాంతంలో పుట్టినదే.

ఇంటర్న్‌షాలా లాంటి వెబ్‌సైట్లు 2010 నుంచి ఈ పని మీదే ఉన్నాయి. ఏఐసీటీఈ ఇంటర్న్‌షిప్ పోర్టల్ కూడా ఉంది. వాటిలో రాయడం, అనువాదం, పరిశోధన, బోధన అనే విభాగాలను చూడమనాలి. ఢిల్లీలోని నీతి ఆయోగ్ కూడా డిగ్రీ విద్యార్థులను తీసుకుంటుంది కానీ స్టైపెండ్ ఇవ్వదు. ఢిల్లీలో గది అద్దె, తిండి ఖర్చు మనమీదే పడుతుంది. దగ్గర్లో ఉన్న మంచి చోటు, దూరపు పెద్ద పేరు కంటే చాలాసార్లు మేలు.

అడిగే తీరు

మా సైటుకు కొత్తగా వచ్చే కుర్రాళ్లు ‘సార్, ఏదైనా పని ఇవ్వండి’ అంటే ఏం ఇవ్వాలో మాకూ తోచదు. ‘సార్, నాకు కొలతలు రాయడం వచ్చు’ అన్నవాడికి వెంటనే టేపు, పుస్తకం చేతికిస్తాం. దరఖాస్తు కూడా అంతే. పది లైన్ల ఉత్తరం చాలు. నేను ఎవరు, ఏం చదువుతున్నాను, మీ దగ్గర ఏ పని చేయగలను, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు రాగలను. ఇవి నాలుగూ ఉండాలి. ఉదాహరణకు ఇలా రాయొచ్చు:

‘అయ్యా, నేను బి.ఏ. రెండో సంవత్సరం ఆర్థిక శాస్త్రం విద్యార్థిని. మా ఊళ్లో డ్వాక్రా సంఘం లెక్కల పుస్తకం రెండేళ్లుగా నేనే రాస్తున్నాను. తెలుగు టైపింగ్ వచ్చు. మీ సంస్థ గ్రామాల్లో చేసే సర్వేలో ఫారాలు నింపడం, లెక్కలు ఎక్కించడం చేయగలను. మే 1 నుంచి జూన్ 30 వరకు రాగలను.’

బయోడేటా ఒక్క పేజీ మించకూడదు. మా వాడికి అందులో రాయడానికి ఏముంది అనుకోవద్దు. అమ్మ సంఘం లెక్కలు రాయడం, చిన్నపిల్లలకు ట్యూషన్ చెప్పడం, మీసేవలో సాయం చేయడం, హిందీ, ఉర్దూ మాట్లాడగలగడం అన్నీ పనులే. కాలేజీ నుంచి ప్రిన్సిపాల్ సంతకంతో ఒక లేఖ జత చేయాలి.

వేసవి పని కావాలంటే జనవరి, ఫిబ్రవరిలోనే రాయాలి. ఒక్క చోటికి రాసి కూర్చుంటే కాదు, పది పదిహేను చోట్లకు రాయాలి. వారంలో జవాబు రాకపోతే మర్యాదగా ఫోన్ చేయాలి. దగ్గర ఊరైతే ఇస్త్రీ చొక్కా వేసుకుని నేరుగా పోయి కలవడం అన్నిటికంటే మంచిది. జిల్లా ఆఫీసుల్లో మెయిల్ చూడనివాళ్లు కూడా మనిషిని చూసి కూర్చోమంటారు.

డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉంటే

చదువు అయిపోయినవాళ్లకు దారి వేరు. 2024 అక్టోబరులో కేంద్రం పీఎం ఇంటర్న్‌షిప్ పథకాన్ని పైలట్‌గా మొదలుపెట్టింది. అప్పటి నిబంధనల్లో వయసు 21 నుంచి 24, గడువు 12 నెలలు, నెలకు 5 వేల రూపాయలు, చేరినప్పుడు ఒకసారి 6 వేలు. రెగ్యులర్‌గా కాలేజీకి పోతున్నవాళ్లకు వర్తించదు. బి.ఏ. పాసైనవాళ్లు అర్హులే. దరఖాస్తుకు రుసుము లేదు. ఇప్పటి నిబంధనలు పోర్టల్‌లో చూసుకోవాలి. ఇంకోటి అప్రెంటిస్‌షిప్. 1961 చట్టాన్ని 2014లో సవరించాక ఇంజినీరింగ్ కాని డిగ్రీలవాళ్లకూ అవకాశం వచ్చింది. అందులో స్టైపెండ్ ఇవ్వడం చట్ట ప్రకారం తప్పనిసరి.

డబ్బు మాట

ఇంటర్న్‌షిప్‌లో డబ్బు వాళ్ల నుంచి మన పిల్లలకు రావాలి. లేదంటే రెండు వైపులా సున్నా ఉండాలి. మన నుంచి వాళ్లకు పోతే అది ఇంటర్న్‌షిప్ కాదు. రిజిస్ట్రేషన్ ఫీజు, సెక్యూరిటీ డిపాజిట్, ల్యాప్‌టాప్ అడ్వాన్సు, సర్టిఫికెట్ ఖర్చు అని ఏ పేరు పెట్టినా అంతే. శిక్షణ ఇచ్చి ఫీజు తీసుకునే కోర్సులు వేరుగా ఉంటాయి. నచ్చితే చేరొచ్చు, కానీ దాన్ని కోర్సు అనే అనాలి.

వీసా వస్తే ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు ఈ-మైగ్రేట్‌లో చూసుకోమని మనం ఒకరికొకరం చెప్పుకుంటాం కదా. ఇక్కడా అలాగే చూడాలి. సంస్థకు ఆఫీసు ఉందా? హైదరాబాద్‌లో ఉన్న బావమరిదినో మేనమామ కొడుకునో ఒకసారి పోయి చూసి రమ్మనాలి. పని నేర్పే మనిషి పేరు, హోదా చెప్పారా? పని గంటలు ఎన్ని? ఆడపిల్లయితే సాయంత్రం ఎన్నింటికి వదులుతారు, బస్సు దొరుకుతుందా? ఇవన్నీ చేరకముందే అడగాల్సినవి. ఒకవేళ పొరపాటున ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి మోసపోతే ఇంట్లోవాళ్లు ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

కొన్న సర్టిఫికెట్‌తో మార్కులు పడొచ్చు. తర్వాత ఉద్యోగానికి పోతే ‘రెండు నెలలు ఏం చేశావమ్మా?’ అని మొదటి ప్రశ్నే అడుగుతారు. పని చేసిన పిల్ల పది నిమిషాలు చెప్తుంది. కొన్న పిల్లాడు తల దించుకుంటాడు. అందుకే చేరిన రోజు నుంచీ డైరీ రాయమనాలి. ఎవరితో మాట్లాడాం, ఏం నేర్చుకున్నాం, రోజుకు నాలుగు లైన్లు. కాలేజీకి రిపోర్టు ఇవ్వడానికీ అదే ఆధారం, ఇంటర్వ్యూకీ అదే.

ఖర్చు ఉండదని మేము అనడం లేదు. బస్సు పాసు, మధ్యాహ్నం భోజనం, దూరమైతే గది అద్దె నిజమైన ఖర్చులు. పంపాల్సింది వాటికే. మళ్లీ ఫోన్ వచ్చినప్పుడు ఎంత కావాలని కాదు, ‘అక్కడ నువ్వు చేసే పని ఏంది?’ అని ముందు అడుగుదాం. జవాబు గట్టిగా వస్తే ఆ నెల ఓవర్‌టైం పైసలు సంతోషంగా పంపుదాం. రాకపోతే, వచ్చేదాకా ఆగుదాం.