చేను దగ్గర ఇల్లు కొంటున్నారా? అడ్వాన్స్‌కి ముందు ఇది చూడండి

పాతబస్తీలో అద్దెకుంటూ మహేశ్వరం, కందుకూరు వైపు సేద్యం చేసేవాళ్లకి చేను పక్కనే ఇల్లుంటే ఎంత బాగుండు అనిపిస్తుంది. ఆవు, జీవామృతం డ్రమ్ము రోజూ కళ్ల ముందుండాలి కదా!

ప్రధానమంత్రి ఆవాస్ యోజన అర్బన్ 2.0లో హోమ్ లోన్‌కి వడ్డీ రాయితీ ఉంది. పేరులో అర్బన్ ఉందని వదిలేయకండి. హెచ్ఎండీఏ లాంటి నోటిఫై అయిన అభివృద్ధి సంస్థ పరిధిలోని గ్రామాలకూ వర్తిస్తుంది.

షరతులు ఇవీ:
- కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షల లోపు
- దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు
- ఇంటి విలువ 35 లక్షలు, లోన్ 25 లక్షలు దాటకూడదు

రాయితీ గరిష్ఠంగా 1.80 లక్షలు, ఐదు వాయిదాల్లో లోన్ ఖాతాకి వస్తుంది.

అసలు చిక్కు కాగితాల దగ్గరే. సాగుభూమిలో కట్టిన ఇంటికి పాస్‌బుక్ ఒక్కటే చూపిస్తే హోమ్ లోన్ కష్టం. నాలా కన్వర్షన్, ఇంటి పర్మిషన్ అడుగుతారు. గ్రామకంఠం ఇల్లయితే లింకు డాక్యుమెంట్లు ఉన్నాయా, ఈసీ క్లియర్‌గా ఉందా చూడండి. జిరాక్సులు ముందు బ్యాంకు లాయరుకి చూపించండి. ఆయన సరేనన్నాకే అడ్వాన్స్ ఇవ్వండి. లోన్ రాకపోతే ఆ డబ్బు వెనక్కి రాబట్టడం మన తలనొప్పే.

ఒక్కో కాగితం ఎలా చూడాలో పై వీడియోలో వివరంగా ఉంది, చూడండి.